నూనె బాయి: తెల్లగా విరిగిన రాయి

పోయిన వారం స్తుతిని మనం నూనె బాయి గేటు దగ్గర, తాగని టీ గ్లాసు చేతిలో ఉండగా వదిలేసి వచ్చాం. టేకులపల్లి దాటి అడవిలోకి నాలుగు కిలోమీటర్లు పోతే కనిపించే ఆ స్మారకంలో స్తుతి గైడు. యాభై ఏళ్ళ కిందట బొగ్గు జాడ కోసం వేసిన బోరులో నూనె పడిందని, మూడు రోజులు పైకి వచ్చి ఆ తర్వాత ఇంకిపోయిందని, ఆ నూనెను అందరికంటే ముందు చూసినవాడు తన తాత సవరయ్యేనని ఆమె రోజుకు ఆరుసార్లు మైకులో చెబుతుంది. ఆ కథలో జనాన్ని నవ్వించడానికి ఒక దొంగ కూడా ఉన్నాడు. క్యాంపు డీజిల్‌కు కాపలా పెడితే నాలుగు డ్రమ్ములు అమ్ముకుని పరారైన వాచ్‌మన్ మొండయ్య. "కాళ్ళ కింద నూనె పడుతుంటే డీజిల్ ఎత్తుకుపోయిన మొనగాడు" అని స్తుతి అనగానే వచ్చినవాళ్ళు గొల్లున నవ్వుతారు. గేటు దగ్గర టీ అమ్మే బతుకమ్మ ఆ మొండయ్య కూతురేనని, నాలుగేళ్ళుగా ఆ నవ్వులు స్పీకర్లో వింటూనే టీ కాస్తోందని స్తుతికి పోయిన వారం భాగంలోనే తెలిసింది.

తెలిసిన మర్నాటి నుంచి ఆమె కథలోంచి దొంగను తీసేసింది. అంతటితో తన వంతు అయిపోయిందనుకుంది పాపం.

"రెండు రోజుల సంది మా నాయినను ఇడ్సిపెట్టినవేంది?" అని అడిగింది బతుకమ్మ, అల్లం దంచుతూ.

"ఇంక ఎన్నడూ చెప్ప అత్తా. నాకు ఎర్కలేక చెప్పిన."

"చెప్పు బిడ్డా. నువ్వు ఆపితే ఊరు ఆపుతదా? నీ నోట్ల ఇంటే రోజుకు ఆరుసార్లు ఆయన పేరన్న ఇనబడుతుండె. నేను పుట్టకముందే పోయిండు, నేనెన్నడు నాయినా అని పిలిచింది లేదు."

 తిట్టినా బాగుండేదనిపించింది స్తుతికి. తిడితే కనీసం క్షమించమని అడగవచ్చు.

అది శుక్రవారం పొద్దున. శనివారం పదకొండు గంటలకు సవరయ్య విగ్రహావిష్కరణ. బోరు పక్కనున్న సిమెంటు గద్దె మీద తొమ్మిదడుగుల సవరయ్య కంచు రంగు పూసుకుని, చేతిలో రాతి కడ్డీ పట్టుకుని, తెల్లగుడ్డ కప్పుకుని సిద్ధంగా నిలబడి ఉన్నాడు. ఆ జాగా వద్దని అసలు సవరయ్య నెల కిందట గట్టిగానే అన్నాడు. గేటు దగ్గర పెట్టండి, లేదంటే అసలే పెట్టకండి అన్నాడు. పెద్దాయనకు మొహమాటం ఎక్కువని ఆఫీసు వాళ్ళు నవ్వుకుని, ఫొటోలకు ఆ గద్దే బాగుంటుందని అక్కడే పెట్టారు. నిజానికి పిల్లలు, కొత్త జంటలు, మోటారు సైకిళ్ళ మీద వచ్చే కుర్రాళ్ళు అందరూ ఎక్కి ఫొటో దిగేది ఆ గద్దె మీదే. వెనక బోరు గొట్టం, దాని మీద వెలిగే జ్వాల ఒకేసారి ఫ్రేములో పడతాయి. ఆ జ్వాల గ్యాస్ సిలిండర్‌దని, పొద్దున్నే దాన్ని తిప్పేది స్తుతేనని ఇక్కడ పనిచేసే అందరికీ తెలుసు. అలంకారం కదా అని ఎవరూ తప్పు పట్టలేదు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు మేనేజర్ రవీందర్‌కు ఒక ఆలోచన వచ్చింది. మ్యూజియం గదిలో అద్దాల పెట్టెలో ఉన్న అసలు కోర్‌ను విగ్రహం పాదాల దగ్గర పెడితే ఎలా ఉంటుంది? బోరు వేసేటప్పుడు యంత్రం భూమిలోంచి కోసి తెచ్చే రాతి కడ్డీని డ్రిల్లింగ్ వాళ్ళు కోర్ అంటారు. చేతి మందాన, మూరెడు పొడవున ముక్కలు ముక్కలుగా వస్తుంది. ఏ లోతు నుంచి వచ్చిందో వరుస తప్పకుండా చెక్క డబ్బాలో పేర్చి పెట్టాలి. సవరయ్య ఆ డబ్బాల మనిషి. నూనె పడిన లోతువని చెప్పే ముక్కలు ఐదు, నల్లగా జిడ్డుగా ఆ పెట్టెలో ఉన్నాయి. స్తుతి అద్దం తెరిచి వచ్చినవాళ్ళకు వాసన చూపిస్తుంది. "భూమి కడుపు వాసన" అంటుంది. ఆ మాట ఆమె సొంతం, ఆమెకు చాలా ఇష్టం కూడా.

రవీందర్ మంచివాడే గాని కుదురు లేదు. పెట్టెను మోయడానికి మనుషులు వచ్చేదాకా ఆగకుండా రెండు ముక్కలు రెండు చేతుల్లో పట్టుకుని బయలుదేరాడు. మెట్టు దిగుతుండగా ఎడమ చేతిది జారింది. రాయి మెట్టు అంచుకు తగిలి రెండుగా విరిగింది.

"అయిపోయింది," అన్నాడు రవీందర్, మొహం తెల్లబోయి. "నా నౌకరి అయిపోయింది. స్తుతీ, అతికిచ్చే గమ్ ఏమన్న ఉంటదా? జల్దీ చూడు, ఏర్పాట్లు చూడనీకి పెద్దోళ్ళు నాలుగింటికి వస్తమన్నరు."

స్తుతి ఆ మాటలు వినలేదు. ఆమె మెట్టు మీద కూర్చుని విరిగిన ముక్కను చూస్తోంది. పైన నలుపు. లోపల, విరిచిన కొబ్బరిలా తెలుపు. నలుపంతా అంచు చుట్టూ గోరు మందాన ఆగిపోయింది.

ఆమె కొత్తగూడెంలో బీఎస్సీ చదివింది, జియాలజీ సబ్జెక్టుతో. మార్కులు గొప్పగా రాలేదు గాని ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికి మార్కులు అక్కరలేదు. నూనె పడిన రాయిలో నూనె లోపల ఉంటుంది, ఇసుక రేణువుకూ రేణువుకూ మధ్య. బయట మాత్రమే ఉందంటే బయట నుంచి ఎవరో పూసినట్టు. ఆమె ముక్కును ఆ నల్లటి అంచుకు దగ్గరగా తెచ్చింది. నాలుగేళ్ళుగా చూస్తున్న వాసనే. మొట్టమొదటిసారి ఆ వాసన ఎక్కడిదో గుర్తుపట్టింది. మొన్న స్కూటీకి ఆయిల్ మార్పించినప్పుడు మెకానిక్ షెడ్డులో పారబోసిన పాత ఆయిలు వాసన అది.

 ఎన్ని వేల మందికి చెప్పింది. బడి పిల్లలకు చెప్పింది. టీవీ వాళ్ళకు చెప్పింది.

"ఏందమ్మా గట్ల కూసున్నవ్? రాయే గదా," అన్నాడు రవీందర్, ఇప్పుడు ఆమెనే ఓదారుస్తూ.

"సార్, ఇది లోపల తెల్లగ ఉంది."

"రాయి తెల్లగనే ఉంటది. నల్లగ ఉంటే బొగ్గంటరు."

ఆయనతో ఏం మాట్లాడాలి? చిన్న ముక్కను చున్నీలో చుట్టుకుని స్తుతి స్కూటీ ఎక్కింది. వెనక నుంచి రవీందర్ పిలుస్తూనే ఉన్నాడు.

టేకులపల్లిలో చర్చి వెనక సందులో వాళ్ళ ఇల్లు. స్తుతి అమ్మానాన్నలు ఉద్యోగాల కోసం కొత్తగూడెంలో ఉంటారు, స్తుతి మాత్రం నానమ్మ తాతల దగ్గరే. ఆమె వెళ్ళేసరికి నానమ్మ ఇన్నమ్మ రేపటి కోసం తాత తెల్ల చొక్కాకు ఇస్త్రీ చేస్తోంది. డెబ్బై మూడేళ్ళ సవరయ్య కుర్చీలో కూర్చుని, చొక్కా వంక చూడకుండా గోడ వంక చూస్తున్నాడు. నెల రోజులుగా ఆయన అలాగే ఉన్నాడు. విగ్రహం మాట ఎత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు.

స్తుతి ఆయన ముందు స్టూలు మీద రాయి పెట్టింది, తెల్లటి వైపు పైకి వచ్చేలా.

 సవరయ్య చేయి చాపి ముక్కను తిప్పి పెట్టాడు, తెలుపు కనిపించకుండా.

"ఎవలు పలగ్గొట్టిండ్రు?"

"సార్ చేతుల నుంచి జారింది."

"కోర్ పలగ్గొట్టద్దు. డబ్బాల పేర్చినంక దాన్ని ముట్టద్దు. క్యాంపుల సాబ్ గూడ నన్ను అడిగే ముట్టుకుంటుండె." ఆయన గొంతులో కోపం లేదు. ఎప్పుడో నేర్చుకున్న పాఠం అప్పజెబుతున్నట్టుంది. "యాభై ఏండ్లు ఎవ్వలు పలగ్గొట్టలే."

అదీ సంగతి. ఆ పనిలో ఒక కట్టుబాటు ఉంది, దాని మీద నమ్మకంతో ఆయన పైపైన పూసి ఊరుకున్నాడు. లోపలి దాకా ఇంకేలా నానబెట్టాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. డబ్బాలో పెట్టిన కోర్‌ను మనిషన్నవాడు విరగ్గొట్టడని ఆయన లెక్క. దొంగపని చేస్తూ కూడా వృత్తి నియమాన్ని నమ్ముకున్నవాడిని ఏమనాలో నాకైతే తెలియదు.

"తాతా, నూనె పడ్డదా, పడలేదా?" అని అడిగింది స్తుతి.

"పడలే."

ఇన్నమ్మ చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయింది. స్తుతికి ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. ఆయన అబద్ధం చెబుతాడని, తాను వాదించాల్సి వస్తుందని దారి పొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. ఆయన ఒప్పుకోవడమే ఆమెను భయపెట్టింది.

"ఆ శనివారం సాబ్ చెప్పిండు," అన్నాడు సవరయ్య. "బొగ్గు లేదు, ఏం లేదు, మంగళారం సామాను కట్టుడే అన్నడు. అరవై మందిమి. మీ నానమ్మను తెచ్చుకోని నాలుగు నెల్లు కాలే. ఆదివారం క్యాంపు మొత్తం సంతకు పోయింది. మనోళ్ళు చర్చిల పూజకు పోయిండ్రు. నేను కడుపుల నొస్తుందని పండుకున్న. అందరు పోయినంక డ్రమ్ములు దొర్లిచ్చి బాయిల పోసిన. ఇంజన్ల నుంచి తీసిన పాత ఆయిల్ కోర్‌కు పూసిన. సోమారం పొద్దుగాల బకెట్ దించితె నూనె వచ్చింది. సాబ్ ఎగిరిండు. నన్ను కావలిచ్చుకున్నడు."

"పరీక్షకు పంపలేదా?"

"పంపిండ్రు. మూడు నెల్లకు కాగితం వచ్చింది. అప్పటికి మంత్రి వచ్చి దీపం ముట్టిచ్చి పోయిండు, పేపర్ల ఫొటో పడ్డది. ఇంక ఆ కాగితం ఎవ్వలు ఇప్పుతరు? రెండేండ్లు క్యాంపు నడిచింది. అరవై ఇండ్లు తిన్నయ్."

"నాల్గు డ్రమ్ములు నువ్వొక్కనివే దొర్లిచ్చినవా?"

సవరయ్య స్టూలు మీది రాయిని ఇంకాస్త పక్కకు జరిపాడు.

"స్టోర్ తాళం నీ దగ్గర లేదు గదా తాతా. మొండయ్య దగ్గర ఉంటుండె. నేనే రోజు మైకుల చెప్తున్న."

"మొండన్నే తీసిండు," అన్నాడు సవరయ్య. "వద్దురా తమ్మీ అన్నడు. మల్ల నా మొఖం చూసి తీసిండు. ఆయనది పెద్ద జీతమేం గాదు, కాపలా పని పోతే ఇంకోటి దొరుకుతుండె. నా కోసమే తీసిండు."

"మరి ఆయనను దొంగ అంటుంటే ఎట్ల ఊకున్నవ్?" స్తుతి గొంతు లేచింది. "నేను నవ్వుకుంట చెప్తుంటే ఎన్నిసార్లు ముందల కూసోని ఇన్నవ్? ఆమె అక్కడ టీ కాసుకుంట ఇంటుంది. ఆయన పారిపోయి ఏడికి పోయిండు? ఒక్కపాలన్న లెటర్ రాయలేదా?"

సవరయ్య స్టూలు మీది రాయిని రెండు చేతులతో మూసి పట్టుకున్నాడు. 

జవాబు బదులు ఇన్నమ్మ మాట్లాడింది. ఆమె తక్కువ మాట్లాడే మనిషి. ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసి, చొక్కా మడతపెట్టి, భర్త ఎదురుగా వచ్చి నిలబడింది.

"ప్రతి ఆదివారం నాతోని చర్చికొస్తవ్. అందరు లేచి పీఠం కాడ సత్ప్రసాదం అప్పం తీస్కోనీకి పోతరు. నువ్వు ఎన్కనే నిలబడ్తవ్. పెద్ద పాపం ఉన్నోడు దాన్ని ముట్టద్దు, ఆ పాపమేందో ఫాదర్‌కు చెప్పుకోని పాపసంకీర్తనం చేయి, పోయి తీస్కో అని ఫాదర్లు చెప్పిండ్రు, నేను చెప్పిన. యాభై ఏండ్లు తీస్కోలే." ఆమె గొంతు తగ్గించింది. "డీజిల్ పోసినందుకు ఎవడన్న యాభై ఏండ్లు సత్ప్రసాదం మానుతడా?"

  స్తుతి చిన్నప్పటి నుంచి తాత చర్చిలో వెనక గోడకు ఆనుకుని నిలబడడం చూస్తూనే పెరిగింది. మోకాళ్ళ నొప్పులనుకుంది. నానమ్మ కళ్ళలో ఇన్నేళ్ళ అనుమానం ఉందని ఇప్పుడే చూసింది.

సవరయ్య లేచాడు. గోడ పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"రేపు ఆ గుడ్డ తీయకముందే నిజం చెప్పాలె తాతా," అంది స్తుతి. "నువ్వు చెప్పకుంటే నేను చెప్త. నా పని పోయినా సరే."

"నువ్వు చెప్తే నా పరువు పోతది, అంతే. నేను చెప్తేనే మొండన్నకు పరువొస్తది." ఆయన చెప్పుల కోసం వెతుక్కున్నాడు. "రేపటిదాక ఎందుకు? బండి తియ్యి బిడ్డా. బతుకమ్మ దగ్గరికి పోదాం."

వాళ్ళు వెళ్ళేసరికి మూడు దాటింది. వైరా నుంచి ఒక బడి బస్సు వచ్చి ఉంది. నలభై మంది పిల్లలు లోపల సందడి చేస్తున్నారు. రవీందర్ వాళ్ళను గద్దె మీద, గుడ్డ కప్పిన విగ్రహం చుట్టూ వరుసల్లో నిలబెడుతున్నాడు, ఫొటో కోసం. విరిగిన రాయి సంగతి ఎక్కడ బయటపడుతుందోనని ఆయన మరీ ఎక్కువ హుషారుగా ఉన్నాడు. సవరయ్యను చూడగానే ప్రాణం లేచి వచ్చింది ఆయనకు.

"పిల్లలూ, చూడుండ్రి ఎవరొచ్చిండ్రో. విగ్రహంల ఉన్న తాత ఈయనే. రాండ్రి పెద్దాయనా, నాలుగు మాటలు చెప్పుండ్రి."

సవరయ్య గేటు దగ్గరే ఆగాడు. బతుకమ్మ అలవాటు ప్రకారం గ్లాసు కడిగి టీ పోసి తెచ్చింది. "తాగు కాకా, శక్కర తక్కువేసిన," అంది. ఆయన గ్లాసు అందుకోలేదు. ఆమె మొహంలోకి సూటిగా చూడలేక చేతులు జోడించి, లోపలికి నడిచి రవీందర్ దగ్గర మైకు తీసుకున్నాడు. స్తుతి పక్కనే నిలబడింది. మైకు కింద తన చేయి ఆనించింది.

"మొండన్న దొంగ గాదు," అన్నాడు సవరయ్య. స్పీకర్లో ఆ మాట గేటు దాకా, గేటు దాటి రోడ్డు దాకా వినిపించింది. "డీజిల్ ఆయన ఎత్కపోలే, అమ్ముకోలే. ఈ బాయిల పోసినం. పోసింది నేను. తాళం తీసింది ఆయన, నా మీద పాయిరంతోని. ఈ బాయిల నూనె ఎన్నడూ పడలే."

పిల్లలు నవ్వారు. మొండయ్య పేరు వస్తే నవ్వాలని, ఇంతకు ముందు ఇక్కడికి వచ్చి వెళ్ళిన పిల్లలు వాళ్ళకు చెప్పి ఉంటారు. ఆ తర్వాత టీచరు మొహం చూసి ఒక్కొక్కరే ఆపేశారు. రవీందర్ మైకు స్విచ్చు దగ్గరికి పరుగెత్తి, దాని మీద చేయి పెట్టి, నొక్కకుండా అలాగే నిలబడిపోయాడు. బోరు గొట్టం మీద సిలిండర్ మంట హాయిగా వెలుగుతూనే ఉంది.

గేటు దగ్గర బతుకమ్మ పొయ్యి బంద్ చేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా గేటు లోపలికి అడుగుపెట్టని మనిషి, ఇప్పుడు టికెట్ కిటికీ దాటుకుని నెమ్మదిగా నడుస్తూ వచ్చింది. స్తుతికి ఆమె కాళ్ళ మీద పడాలనిపించింది. కానీ బతుకమ్మ ఆమెను చూడడం లేదు.

"మా అమ్మ దొంగ పెండ్లాం అనిపించుకునే సచ్చింది కాకా," అంది సవరయ్య ముందు నిలబడి. "ఆఖరి దినం గూడ, పారిపోయినోడు ఒకనాడు వస్తడు, వాకిట్ల దీపం పెట్టు అన్నది. నేను పెట్టుకుంటనే ఉన్న."

"తప్పయింది తల్లీ."

"తప్పు తర్వాత చూద్దాం. దొంగ గాదన్నవ్, అది మంచి మాట, నా పానం కొంచెం సల్లబడ్డది. డీజిల్ అమ్ముకోలేదన్నవ్. గట్లయితే ఆయన పారిపోవుడు ఎందుకు?" ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. "మా నాయిన ఏడి కాకా?"

సవరయ్య వంగి చెప్పులు విప్పాడు.

ఆయన ఎప్పుడు ఇక్కడికి వచ్చినా అలాగే విప్పుతాడు. గద్దె ఎక్కడు, దాని చుట్టూ తిరిగి అవతలికి పోతాడు. బాయి అంటే మా తాతకు దేవుడితో సమానం అని స్తుతి వచ్చినవాళ్ళకు గొప్పగా చెబుతుంది. బోరు యంత్రం కోసం బురద కలిపిన పన్నెండు అడుగుల గుంట ఇక్కడే ఉండేదని, పశువులు పడతాయని మా తాత దగ్గరుండి ఒక్క రోజులో రాళ్ళు తోలించి పూడ్పించాడని, దాని మీదే ఈ గద్దె కట్టారని కూడా చెబుతుంది. రోజుకు ఆరుసార్లు, నాలుగేళ్ళుగా. ఇప్పుడామె తాత చూపు వెంట చూసింది. ఆయన కళ్ళు బాయి మీద లేవు.

గుడ్డ కప్పిన సవరయ్య చుట్టూ, గద్దె మీద, నలభై మంది పిల్లలు ఫొటో ఎప్పుడు తీస్తారా అని ఒకరినొకరు తోసుకుంటున్నారు.

సవరయ్య నోటి దగ్గర మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"స్తుతీ," అన్నాడాయన, "ముందుగాల పిల్లలను ఆ గద్దె మీది నుంచి దింపు బిడ్డా."